గచ్చు మీది పాత వినైల్ పలకలు: తీయించే ముందు తెలుసుకోవలసినవి

పండుగలకు, పెళ్ళిళ్ళకు ముందు ఇంటికి సున్నాలు వేయించడం, నేల బాగు చేయించడం మన కుటుంబాలలో ఉన్నదే. సిమెంటు గచ్చు మీద ఎప్పుడో అతికించిన వినైల్ పలకలు అంచులు లేచిపోయి, రంగు మాసిపోయి ఉంటే, వాటిని పీకించి కొత్త టైల్స్ వేయించాలని ఎవరికైనా అనిపిస్తుంది. పని చూడటానికి చిన్నదే. ఒక మేస్త్రి, ఇద్దరు కూలీలు, ఒక సుత్తి, ఒక ఉలి ఉంటే ఒకటి రెండు రోజుల్లో గది ఖాళీ అవుతుంది. అయితే ఆ ఒకటి రెండు రోజుల్లో లేచే దుమ్ము ఏ రకం దుమ్మో ముందుగా తెలుసుకోవాలి. ఎందుకంటే ఈ దుమ్ము వలన వచ్చే జబ్బులు ఆ వారంలోనో, ఆ నెలలోనో బయటపడవు. ఇరవై, ముప్పై ఏళ్ళ తరువాత బయటపడతాయి. అప్పటికి ఆ నేల సంగతి రోగికీ గుర్తుండదు, డాక్టరు గారికీ తెలియదు.

పలకలలో రాతినార

వినైల్ అంటే పీవీసీ అనే ప్లాస్టిక్కు. ఈ రోజుల్లో బజారులో చుట్టలుగా అమ్మే మెత్తని వినైల్ షీట్లు మనందరికీ తెలిసినవే. అద్దె ఇళ్ళలో గచ్చు బాగా లేకపోతే కొలిచి కోయించుకొని పరుస్తుంటాము. ఇప్పుడు చెప్పబోయే ప్రమాదం ముఖ్యంగా వీటి గురించి కాదు.

1980కి ముందు, కొన్నిచోట్ల ఆ తరువాత కొన్నేళ్ళ వరకు, నేల పలకలు గట్టిగా ఉండి త్వరగా అరగకుండా, నిప్పుకు తట్టుకునేలా వాటిలో ఆస్బెస్టాస్ కలిపేవారు. దీనినే తెలుగులో రాతినార అంటాము. పేరుకు తగినట్టు ఇది రాయే, కాని నారలాగా పోగులు పోగులుగా విడిపోతుంది. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో కూడా రాతినార గనులు ఉండేవి. పీవీసీ ఆస్బెస్టాస్ నేల పలకలకు మన దేశంలో ఐఎస్ 3461 అనే ప్రత్యేక ప్రమాణమే ఉండేది. కనుక ఇవి విదేశాల వస్తువులు, మనకు సంబంధం లేదు అనుకోవడానికి వీలు లేదు. 1960 నుండి 1980ల దాకా కట్టిన కార్యాలయాలు, ఆసుపత్రులు, క్వార్టర్లు, పాత బంగళాలలో ఇలాంటి పలకలు ఉంటే ఉండవచ్చు.

అమెరికాలో ఇవి చాలా ఎక్కువ. అక్కడ నేల మీద కాంక్రీటు పరిచి, దాని మీదనే పలకలు అతికించే పద్ధతి ఉంది. బేస్‌మెంట్లలో, వంట గదులలో 9 అంగుళాల చదరపు పలకలు కనిపిస్తే వాటిలో రాతినార ఉండే అవకాశం బాగా ఉంటుంది. మన సంఘ కుటుంబాలలో పిల్లలు అక్కడ స్థిరపడి పాత ఇల్లు కొనుక్కుంటే, ఆరు నెలలకు వెళ్ళిన అమ్మానాన్నలు ఖాళీగా కూర్చోలేక ఇంటి పనికి చెయ్యి వేస్తుంటారు. నాన్నగారు బేస్‌మెంట్లో నేల గీకుతుంటే అమ్మగారు పొడి చీపురుతో ఊడుస్తుంటారు. పిల్లల మీద ప్రేమతో చేసే పనే, కాని ఈ ఒక్క పని మాత్రం ముందు పరీక్ష చేయించకుండా మొదలుపెట్టవద్దు.

పలకల కంటే జిగురు, జిగురు కంటే అట్ట

చాలామంది పలకనే చూస్తారు. దాని కింద ఉన్నదాన్ని చూడరు. పాత పలకలను తారులాంటి నల్లని జిగురుతో అతికించేవారు. ఆ జిగురులో కూడా రాతినార కలిపేవారు. పలకలో లేకపోయినా జిగురులో ఉండవచ్చు. అందువలన పరీక్షకు పంపేటప్పుడు రెండింటినీ పంపాలి.

ఇక పాత షీట్ల సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. పలకలో రాతినార ప్లాస్టిక్కులో బిగుసుకొని ఉంటుంది. పలక విరగకుండా ఉన్నంత కాలం పోగులు బయటకు రావు. దాని మీద నడిచినా, తడి గుడ్డతో తుడిచినా భయం లేదు. కాని చుట్టలుగా వచ్చే పాత షీట్లకు కొన్నింటికి అడుగున బూడిద రంగులోనో, తెల్లగానో ఒక మెత్తని అట్ట ఉండేది. కొన్ని రకాలలో ఆ అట్టలో చాలా భాగం రాతినారే. షీటును పట్టుకొని లాగితే పై పొర చేతికి వస్తుంది, అట్ట చీలి సగం గచ్చుకే అంటుకొని ఉంటుంది. ఆ చీలినప్పుడే పోగులు గాలిలోకి లేస్తాయి. మిగిలిన సగాన్ని గీకినప్పుడు ఇంకా ఎక్కువ లేస్తాయి. చూడటానికి గట్టి పలకే ప్రమాదకరంగా అనిపిస్తుంది కాని, నిజానికి మెత్తగా ఊడి వచ్చే ఈ షీటే ఎక్కువ హాని చేస్తుంది.

ఊపిరితిత్తులలో ఏమి జరుగుతుంది?

రాతినార పోగులు కంటికి కనిపించనంత సన్నగా ఉంటాయి. గాలిలో గంటల తరబడి తేలుతూ ఉంటాయి. మామూలు దుమ్ము ముక్కులోనో, గొంతులోనో ఆగి కఫంతో బయటకు వస్తుంది. ఈ సన్నని పోగులు ఊపిరితిత్తుల చివరన ఉండే గాలి తిత్తుల వరకు పోతాయి. శరీరంలోని రక్షణ కణాలు వాటిని మింగి అరిగించాలని చూస్తాయి. పొడవాటి పోగును కణం పూర్తిగా మింగలేదు, అరిగించలేదు. చివరకు ఆ కణమే చనిపోతుంది. ఈ పోరాటం ఏళ్ళ తరబడి సాగి, ఆ చోట మచ్చ కడుతుంది.

మచ్చలు ఎక్కువైతే ఊపిరితిత్తులు బిగుసుకొని సాగవు. దీనిని ఆస్బెస్టోసిస్ అంటారు. మెట్లు ఎక్కితే ఆయాసం, పొడి దగ్గు, కొందరికి వేళ్ళ కొసలు ఉబ్బడం దీని గుర్తులు. సామాన్యంగా ఇది ఏళ్ళ తరబడి ఆ దుమ్ములో పని చేసినవారికి వస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సరు, ఊపిరితిత్తుల చుట్టూ ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సరు కూడా దీనివలన వస్తాయి. మీసోథీలియోమా చాలా వరకు 20 నుండి 50 ఏళ్ళ తరువాత కనిపిస్తుంది. కొద్దిపాటి దుమ్ము తగిలినవారిలో కూడా ఇది అరుదుగా కనిపించింది. పనిలోకి వెళ్ళకుండా, ఇంట్లో భర్త పని బట్టలు దులిపి ఉతికిన భార్యలకు వచ్చిన సందర్భాలు కూడా వైద్య శాస్త్రంలో నమోదై ఉన్నాయి. ఈ సంగతి మన తల్లులకు తప్పక తెలియాలి.

బీడీ, సిగరెట్టు తాగేవారికి మరొక మాట. న్యూయార్క్‌లో డాక్టర్ సెలికాఫ్, ఆయనతో పాటు పని చేసినవారు రాతినారతో పని చేసే కార్మికులను ఏళ్ళ తరబడి గమనించి 1979లో లెక్కలు ప్రకటించారు. పొగ తాగక, రాతినార దుమ్ము తగలక ఉన్నవారితో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు మరణాలు రాతినార దుమ్ము మాత్రమే తగిలినవారిలో సుమారు 5 రెట్లు, పొగ మాత్రమే తాగేవారిలో సుమారు 11 రెట్లు, రెండూ ఉన్నవారిలో 50 రెట్లకు పైగా కనిపించాయి. 5, 11 కలిస్తే 16 కావాలి. కాలేదు. ఒకటి రెండవదాన్ని గుణించింది.

రాతినారలో అన్ని రకాలూ క్యాన్సరు కలిగించేవే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. బ్రిటన్ 1999లో తెల్ల రాతినారను కూడా నిషేధించింది. అమెరికా 2024లో దానిని నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మన దేశంలో ఇంటి కప్పు రేకులకు మాత్రం ఇంకా వాడుతూనే ఉన్నారు. రేకులు మార్పించేటప్పుడు సుత్తితో పగలగొట్టి కింద పడవేయడం రోజూ చూస్తున్నాము. పలకలకు చెప్పిన జాగ్రత్తలన్నీ వాటికీ వర్తిస్తాయి.

కంటితో చూసి చెప్పగలమా?

చెప్పలేము. పలక 9 అంగుళాలు ఉండి, పెళుసుగా విరుగుతూ, కింద నల్లని జిగురు ఉంటే అనుమానించాలి, అంతే. ఉన్నదీ లేనిదీ తేల్చేది సూక్ష్మదర్శినితో చేసే ప్రయోగశాల పరీక్ష మాత్రమే. అమెరికాలో ఇది సులభంగా దొరుకుతుంది. ఇక్కడ పెద్ద నగరాలలో పర్యావరణ పరీక్షలు చేసే గుర్తింపు పొందిన ప్రయోగశాలలను అడగాలి.

నమూనా తీసేటప్పుడు ఫ్యాను ఆపండి. సబ్బు నీళ్ళు చల్లి ఆ చోటు తడపండి. మూలన అప్పటికే ఊడిన ముక్క ఉంటే దాన్నే తీసుకోండి. కింది జిగురును కొంచెం వేరుగా తీయండి. విడివిడిగా ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, ఆ కవర్లను మరొక కవరులో పెట్టండి. ఆ చోటును తడి కాగితంతో తుడిచి, ఆ కాగితాన్ని కూడా కవరులో కట్టి పారవేయండి. పరీక్ష చేయించే వీలు లేకపోతే, పాత గట్టి పలకలలో రాతినార ఉన్నదనే అనుకొని నడుచుకోవడం మంచిది.

ఉన్నదని తేలితే

అన్నిటికంటే మంచి పని ఏమీ చేయకపోవడమే. ఈ మాట విని కొందరు ఆశ్చర్యపోతారు. పలకలు గట్టిగా అతుక్కొని ఉంటే వాటిని కదపకుండా, వాటి మీదనే కొత్త నేల వేయించవచ్చు. ఒకటి రెండు ఊడినచోట సిమెంటుతో సమం చేసి, పైన కొత్త షీటు గానీ, అతికించనవసరం లేని పలకలు గానీ పరిపించవచ్చు. మేకులు కొట్టడం, డ్రిల్లు వేయడం మాత్రం పనికిరాదు. కింద ఏమి ఉన్నదో ఒక కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో ఉంచితే, రేపు మీ పిల్లలో, ఇల్లు కొనుక్కున్నవారో తెలియక పగలగొట్టకుండా ఉంటారు.

తప్పక తీయవలసి వస్తే అమెరికాలో ఇందుకు శిక్షణ పొంది లైసెన్సు ఉన్నవారు ఉన్నారు. వారితోనే చేయించాలి. ఇంటి యజమాని తానే చేసుకోవచ్చా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది కనుక అక్కడి పర్యావరణ శాఖను అడగాలి. మన ఊళ్ళలో ఈ పని తెలిసినవారు దొరకడం కష్టం. అందుకే ఇక్కడ పైన పరవడమే మేలని మా అభిప్రాయం. ఎవరు చేసినా ఈ పనులు చేయకూడదు: ఎండుగా గీకడం, ఎండుగా ఊడవడం, గరుకు కాగితంతో రుద్దడం, గ్రైండింగు మిషను పెట్టడం, ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరుతో పీల్చడం. మామూలు వాక్యూమ్ క్లీనరు పోగులను ఒక పక్క పీల్చి మరొక పక్క గదిలోకి ఊదుతుంది.

కరోనా కాలం నుండి ఎన్95 మాస్కు అందరి ఇళ్ళలోను ఉంది. సిమెంటు దుమ్ముకు అది కొంత పనికి వస్తుంది. రాతినార పనికి వాడి పారేసే ఇలాంటి మాస్కును అమెరికా కార్మిక నిబంధనలు ఒప్పుకోవు. రబ్బరుతో ముఖానికి బిగుసుకొని, రెండు పక్కలా ఫిల్టర్లు ఉండేది కావాలి. ముఖానికి గుడ్డ కట్టుకుంటే దుమ్ము కనపడకుండా పోతుందే గాని లోపలికి పోకుండా ఆగదు.

లేదని తేలితే, లేదా ఈ మధ్య వేసిన షీటు అయితే

అప్పుడు పని తేలికే. అయినా ఆస్తమా ఉన్నవారిని, గర్భిణీ స్త్రీలను, చిన్నపిల్లలను ఆ పూట వేరే చోట ఉంచండి. గది ఖాళీ చేసి కిటికీలు తెరవండి. షీటును పదునైన కత్తితో జానెడు వెడల్పు పట్టీలుగా కోయండి. ఒక మూల లేపి, పట్టీని నేలకు దగ్గరగా వంచి నెమ్మదిగా లాగుతూ చుట్ట చుట్టండి. పైకి ఎత్తి గుంజితే చిరుగుతుంది. పలకలైతే పైన తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెతో కొద్దిగా వేడి చేస్తే మెత్తబడతాయి. అప్పుడు వెడల్పాటి పుట్టీ బ్లేడును దాదాపు నేలకు ఆనించి కిందికి దూరిస్తే పలక ఊడి వస్తుంది. బ్లేడును నిలువుగా పెడితే గచ్చుకు గుంటలు పడతాయి. వేడి అతిగా పెట్టకూడదు. పీవీసీ మాడితే వచ్చే పొగ కళ్ళను, గొంతును మండిస్తుంది.

మిగిలిన జిగురు చాలా రకాలలో సబ్బు కలిపిన వేడి నీళ్ళు పోసి పావుగంట ఆగితే మెత్తబడుతుంది. నేల తడిగా ఉన్నంతసేపు కరెంటు తీగలు, మిషన్లు అక్కడ ఉంచవద్దు. నీటికి లొంగని జిగురును పూర్తిగా తీయనవసరం లేదు. ఉబ్బులు లేకుండా సమంగా ఉంటే చాలు.

మన ఇళ్ళలో ఎక్కువగా జరిగే తప్పు ఇక్కడే. జిగురు త్వరగా పోతుందని పెట్రోలు, కిరోసిను, థిన్నరు పోస్తారు. పెట్రోలు, థిన్నరు ఆవిరి గాలి కంటే బరువు. అది పైకి పోదు, నేల వెంబడి పక్క గదిలోకి, వంటింట్లోకి పాకుతుంది. గ్యాసు పొయ్యి అవసరం లేదు, ఫ్రిజ్‌లోని చిన్న నిప్పురవ్వ చాలు. కాలిన గాయాలతో పడుకున్న మనిషిని చూసినవారికి వేరే చెప్పనవసరం లేదు. పెయింటు ఊడగొట్టే కొన్ని మందులలో మిథిలీన్ క్లోరైడ్ ఉంటుంది. అది శరీరంలోకి పోయి కార్బన్ మోనాక్సైడుగా మారి, గుండెకు ప్రాణవాయువు అందకుండా చేస్తుంది. కిటికీలు లేని గదులలో దీనిని వాడి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఉన్నారు. అమెరికాలో 2019లోనే దీనితో చేసిన పెయింటు మందులను ఇంటి వాడకానికి అమ్మడం నిషేధించారు. డబ్బా మీద ఆ పేరు ఉంటే కొనవద్దు.

ఊడిన ముక్కలను నీళ్ళ కాగు కింద పొయ్యిలో పెట్టడం, పెరట్లో తగలబెట్టడం కూడా వద్దు. పీవీసీ పొగలో ఆమ్లపు ఆవిర్లు, డయాక్సిన్ అనే విష పదార్థాలు ఉంటాయి. సంచులలో కట్టి మునిసిపాలిటీ వారికి అప్పగించండి.

గచ్చు రుద్దేటప్పుడు లేచే దుమ్ము

వినైల్ పోయింది, ప్రమాదం పోయింది అనుకుంటాము. గచ్చు సమం చేయడానికి మేస్త్రి ఎండు గ్రైండరు పెడతాడు, గదంతా తెల్లని పొగలా అవుతుంది. సిమెంటు కాంక్రీటులో ఇసుక, కంకర ఉన్నాయి. వాటిలోని సిలికా సన్నని పొడిగా మారి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ వస్తుంది. ఒకసారి వస్తే నయం చేసే మందు లేదు. పైగా సిలికోసిస్ ఉన్నవారికి క్షయ వ్యాధి సులభంగా అంటుకుంటుంది. రెండింటి లక్షణాలు ఒకేలా ఉండటం వలన సిలికోసిస్‌ను క్షయ అనుకొని మందులు ఇవ్వడం కూడా మన దేశంలో జరుగుతూనే ఉన్నది.

ఇంటివారికి ఇది ఒక రోజు దుమ్ము. కూలికి వచ్చిన మనిషికి అది ప్రతి రోజూ దుమ్ము. మొజాయిక్ గచ్చులు వేసే రోజుల్లో నీళ్ళు పోస్తూ మిషనుతో పాలిష్ పట్టేవారు. పెద్దలకు గుర్తుండే ఉంటుంది, నేలంతా బురదబురదగా ఉండేది కాని గాలిలో దుమ్ము లేచేది కాదు. ఇప్పుడూ అదే పద్ధతి అడగండి. నీటితో రుద్దే మిషను తెమ్మనండి, లేదా దుమ్ము పీల్చే గొట్టం ఉన్న మిషను తెమ్మనండి. పనివారికి మాస్కులు మీరే కొని ఇవ్వండి. సాయంత్రం వెళ్ళే ముందు కాళ్ళు చేతులు కడుక్కోవడానికి నీళ్ళు, బట్టలు మార్చుకోవడానికి చోటు ఇవ్వండి.

గచ్చు పొడిగా ఉన్నదా?

అసలు పలకలు ఎందుకు ఊడాయో చూడకుండా కొత్తవి వేస్తే అవీ ఊడతాయి. సామాన్యంగా కారణం నేల లోపలి చెమ్మ. అడుగున్నర చదరపు పాలిథిన్ కాగితాన్ని గచ్చు మీద పరచి నాలుగు అంచులకు టేపు అతికించి 16 గంటలు, అంటే సాయంత్రం నుండి మరునాడు ఉదయం పది దాకా ఉంచండి. తీసి చూస్తే అడుగున నీటి బొట్లు గానీ, గచ్చు రంగు నల్లబడటం గానీ కనిపిస్తే చెమ్మ ఉన్నట్టు. చెమ్మ ఉన్నచోట వినైల్ కింద బూజు పడుతుంది. ఇంట్లో ఎవరికైనా తరచుగా పిల్లికూతలు, తుమ్ములు ఉంటే ఈ బూజును కూడా అనుమానించాలి.

ఇంతకు ముందే తీయించి ఉంటే?

"తెలియక పోయిన ఏడు పగలగొట్టించాము, ఇప్పుడు ఏ పరీక్ష చేయించుకోవాలి?" అనే ప్రశ్న సహజం. భయపడవద్దు. ఒక్కసారి, ఒకటి రెండు రోజులు తగిలిన దుమ్ము వలన జబ్బు వచ్చే అవకాశం చాలా తక్కువ. ఇప్పుడు ఎక్స్‌రే తీసినా, స్కానింగు చేసినా ఏమీ కనిపించదు కనుక ఆ డబ్బు ఖర్చు పెట్టనవసరం లేదు. బీడీ, సిగరెట్టు ఉంటే ఈ రోజే మానండి. ఈ విషయంలో మీ చేతిలో ఉన్న అతి పెద్ద మందు అదే.

ఏళ్ళ తరబడి భవనాలు పగలగొట్టే పని, రేకుల పని, గ్రైండింగు పని చేసినవారి సంగతి వేరు. 1995లో సుప్రీం కోర్టు రాతినార కార్మికుల కేసులో, కార్మికుల ఆరోగ్య రికార్డులను పనిలో చేరిన నాటి నుండి 40 ఏళ్ళు గానీ, పని మానిన తరువాత 15 ఏళ్ళు గానీ, ఏది ఎక్కువైతే అంతవరకు యజమానులు భద్రపరచాలని తీర్పు చెప్పింది. కూలి పని చేసేవారికి అలాంటి రికార్డు రాసేవారు ఉండరు. కనుక దగ్గు, ఆయాసంతో ఆసుపత్రికి వచ్చినప్పుడు డాక్టరు గారు అడగకపోయినా మీరే చెప్పండి: ఏ పని చేశారు, ఎన్నేళ్ళు చేశారు, ఎండు దుమ్మా తడి పనా, బీడీ ఎన్నేళ్ళు తాగారు. భర్త పని బట్టలు ఉతికిన తల్లులు ఆ మాట కూడా చెప్పాలి. పాత ఎక్స్‌రేలు ఉంటే పారవేయకుండా తీసుకురండి. కొత్తదానితో పక్కన పెట్టి చూస్తేనే మచ్చ పెరుగుతున్నదా, అలాగే ఉన్నదా అన్నది తెలుస్తుంది.